రాగం తీసేస్తే మిగిలేది



మన గోదావరి ప్రాంతపు సంఘాల్లో పాట కట్టేవారికి కొదువ లేదు. క్రిస్మసు దగ్గర పడుతోందంటే చాలు, ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు యౌవనస్థులు నోటుపుస్తకం ముందేసుకుని కూర్చుంటారు. తబలా కొట్టే తమ్ముడు పక్కన ఉంటాడు. నాలుగు రాత్రులు కూర్చుంటే పల్లవి, మూడు చరణాలు తయారవుతాయి. పండుగ నాటికి పిల్లల దగ్గర నుండి ముసలమ్మల దాకా అందరి నోటా ఆ పాటే. ఆ రాసిన అబ్బాయిని పట్టుకుని "నువ్వు కవివి కదయ్యా" అంటే మాత్రం సిగ్గుపడిపోతాడు. "అబ్బే, కవిని కాదండీ. ఏదో పాటలు రాస్తుంటానండీ" అంటాడు.

ఈ మాట మేము చాలా ఊళ్ళలో విన్నాము. విన్న ప్రతిసారీ ఒక ప్రశ్న మనసులో మెదులుతుంది. పాట రాసేవాడు కవి కాడా? పాటకూ కవిత్వానికీ మధ్య దాటవలసిన ఏరు ఏదైనా ఉందా? ఉంటే, దాటినవారు తమతో ఏమి పట్టుకెళ్ళారు, ఏమి ఈ గట్టున వదిలి వెళ్ళారు? ఈ నెల ఆ సంగతి కొంచెం నిదానంగా ఆలోచిద్దాము.

పాటగాడికి దక్కిన పీట

2021వ సంవత్సరం డిసెంబరు 30న ఢిల్లీలోని కేంద్ర సాహిత్య అకాడమీ ఆ ఏటి పురస్కారాలు ప్రకటించింది. తెలుగులో ఆ గౌరవం గోరటి వెంకన్న గారికి దక్కింది. ఆయన పుస్తకం పేరు 'వల్లంకి తాళం'. వల్లంకి అంటే ఒక పిట్ట. అకాడమీ ఆ పుస్తకాన్ని కవిత్వం కింద లెక్కించి బహుమానం ఇచ్చింది.

వెంకన్న గారిది మన ప్రాంతం కాదు. తెలంగాణలో నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని గౌరారం ఆయన ఊరు. 1963లో పుట్టారు. అయినా ఆయన పాట మన డెల్టాలో తెలియని ఊరు లేదు. 2002లో వచ్చిన 'కుబుసం' సినిమాలో పల్లె కన్నీటి గురించిన పాట రాసింది ఆయనే. ఊళ్ళో కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె, ఇలా చేతి పనిమీద బ్రతికేవారి బ్రతుకులు ఎందుకు చితికిపోతున్నాయో, కనబడని కుట్ర ఏదో పల్లెను ఎలా చుట్టుముడుతోందో ఆ పాట అడుగుతుంది. మన ఊళ్ళలో పెళ్ళి పందిళ్ళలోనూ, సభల్లోనూ, ఆటోల్లోనూ ఆ పాట మ్రోగింది. విన్న రైతు కూడా కన్ను తుడుచుకున్నాడు, మగ్గం మూలన పెట్టిన నేతపనివాడు కూడా కన్ను తుడుచుకున్నాడు.

పాట అంతగా ప్రజల నోట పడ్డాక ఇంక పుస్తకం ఎందుకు అని ఎవరికైనా అనిపించవచ్చు. వెంకన్న గారు మాత్రం పుస్తకాలు వేస్తూనే వచ్చారు. 'ఏకునాదం మోత', 'రేల పూతలు', 'అలచంద్రవంక' అని ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2020లో ఆయనను శాసనమండలి సభ్యునిగా నామినేట్ చేశారు. ఆ మరుసటి ఏడే అకాడమీ పురస్కారం.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఆయన పాటను వదిలేసి కవిత్వంలోకి వెళ్ళలేదు. పాటనే వెంట తీసుకుని వెళ్ళారు. ఊరి మాట, ఊరి లయ, పిట్టల పేర్లు, వాగుల పేర్లు, అన్నీ మూటగట్టుకుని పుస్తకంలోకి నడిచారు. అందుచేత ఆ పీట ఆయన ఒక్కరికే వేసినది కాదని మా అభిప్రాయం. పేరు లేకుండా పాటలు కట్టి, పాడి, మట్టిలో కలిసిపోయిన ఎందరికో ఆలస్యంగా వేసిన పీట అది.

పాటకున్న చేయూత

పాటకూ కవితకూ తేడా ఏమిటో మన ఇంటి భాషలో చెప్పుకుందాము.

పాట ఒంటరిగా రాదు. దానికి రాగం తోడు, తాళం తోడు, పాడే గొంతు తోడు. నలుగురు కలిసి పాడితే ఆ నలుగురి ఊపిరి కూడా తోడు. పల్లవి మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుంది గనుక మొదటిసారి పట్టుకోలేనివాడు మూడవసారి పట్టుకుంటాడు. చరణంలో ఒక మాట బలహీనంగా ఉన్నా రాగం దాన్ని చంకనెత్తుకుని దాటించేస్తుంది. సినిమా పాట అయితే మరీను. చాలాసార్లు ముందు బాణీ పుడుతుంది, తరువాత దాని కొలతకు మాటలు కుట్టాలి. చొక్కా ముందు కుట్టి మనిషిని అందులో దూర్చినట్టన్నమాట. పైగా ఆ మాటలు రాసినవాని మనసులోవి కావు. కథలో ఎవరో ఒకరు పడే బాధ, ఎవరో ఒకరికి కలిగిన సంతోషం. దాన్ని తనదిగా చేసుకుని రాయాలి. అది చిన్న పని కాదు.

కవిత దగ్గరకు వచ్చేసరికి ఆ తోడు ఏదీ ఉండదు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు, అంతే. చదివేవాడు ఏ మధ్యాహ్నమో అరుగు మీద కూర్చుని మౌనంగా చదువుకుంటాడు. నచ్చకపోతే ఆగుతాడు. అనుమానం వస్తే వెనక్కి వెళ్ళి పై పంక్తి మళ్ళీ చదువుతాడు. పాటలో కొట్టుకుపోయే తాలు మాట ఇక్కడ పళ్ళకింద రాయిలా తగులుతుంది. వడ్లు తూర్పారబట్టేటప్పుడు గాలి ఏమి చేస్తుందో ఆ మౌనం అదే చేస్తుంది. గింజ నిలుస్తుంది, పొట్టు ఎగిరిపోతుంది.

అలాగని కవిత్వం గొప్పది, పాట తక్కువది అని మేము అనడం లేదు. పాట చేసే పని కవిత చేయలేదు. చదువు రాని అవ్వకు వాక్యం నేర్పింది పాటే. జ్వరంతో పడుకున్నవానికి రాత్రి తోడున్నది పాటే. కాని పాటగాడు కవిత్వంలోకి అడుగు పెట్టినప్పుడు ఒక పరీక్షకు ఒప్పుకుంటున్నాడు. రాగం తీసేస్తే నా మాటలో ఏమి మిగులుతుంది అన్నదే ఆ పరీక్ష.

మన గడ్డమీద ఈ దారి పాతదే

ఈ దారి మన గోదావరి జిల్లాలకు కొత్త కాదు. ఏలూరు దగ్గర వసంతవాడలో 1895లో నండూరి వెంకట సుబ్బారావు గారు పుట్టారు. మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆయన పాటలు రాయడం మొదలుపెట్టారు. ఎంకి, నాయుడుబావ అని ఇద్దరు పల్లెటూరి మనుషులు, వారి ప్రేమ, వారి పొలం, వారి నవ్వులు, వారి అలకలు. భాష పొలాల్లో మాట్లాడుకునే భాష. 1925లో 'ఎంకి పాటలు' పుస్తకమై వచ్చాయి. అప్పట్లో కావ్యమంటే రాజులు, రాణులు, సంస్కృత సమాసాలు. పామరుల భాషలో కవిత్వమేమిటని ముఖం చిట్లించిన పండితులు ఉన్నారు. కాని పాట ఆగలేదు. తరువాత ఆయన ఏలూరులో వకీలుగా పనిచేశారు, 1957లో గతించారు. ఆయన పాటలు నేడు కవిత్వంగానే చదువుతున్నారు, కాలేజీల్లో కవిత్వంగానే చెబుతున్నారు. పాడినా నిలిచాయి, పాడకపోయినా నిలిచాయి. పల్లెటూరి నోటి మాటకు అంత బలం ఉందని మొదట నమ్మినవారిలో ఆయన ఒకరు.

దీనికి ఎదురుదారిన నడిచినవారు కూడా మనవారే. పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు ముందు కవి, తరువాత పాటల రచయిత. 'కృష్ణపక్షం' కావ్యంతో పేరు పొందారు. కాకినాడ కాలేజీలో పాఠాలు చెప్పారు. రేడియోకు పాటలు రాశారు. 1951లో 'మల్లీశ్వరి' సినిమాతో ఆయన పాట ఇంటింటికీ చేరింది. కావ్యం చదవని లక్షల మంది ఆయన మాటలను పాటల్లో విన్నారు. 1960లలో గొంతుకు వ్యాధి వచ్చి ఆయన మాట పడిపోయింది. అటుపై కాగితం మీద రాసి చూపిస్తూ సంభాషించేవారు. అయినా 1980లో కన్నుమూసే వరకు పాటలు రాయడం మానలేదు. తన నోట పలకలేని మాటలను ఇతరుల నోట పలికించిన మనిషి ఆయన. కవిత్వం నుండి పాటకు వెళ్ళినా, పాట నుండి కవిత్వానికి వెళ్ళినా మాట నిజమైనదైతే దారి ఇరువైపులా తెరిచే ఉంటుందని ఆయన జీవితం చెబుతోంది.

రాజమండ్రి తెర పక్కన ఒక యువకుడు

ఇక మన సంఘాలకు మరీ దగ్గరవారైన ఒకరి సంగతి చెప్పాలి. ఆయన పాటల రచయిత కాడు, కాని జనం ముందు గొంతు విప్పి పొట్ట పోసుకుని, తరువాత మహాకవి అయ్యాడు.

గుఱ్ఱం జాషువ గారు 1895లో వినుకొండలో పుట్టారు. చిన్న వయసులో మిషను బడిలో నెలకు 3 రూపాయల జీతం మీద పంతులుగా పనిచేశారు. ఆ ఉద్యోగం పోయాక 1915-16 ప్రాంతంలో మన రాజమండ్రి వచ్చారు. అవి మూగ సినిమాల రోజులు. తెరమీద బొమ్మలు కదులుతాయే గాని మాట రాదు. తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెబుతూ, పాత్రల సంభాషణలు తానే పలుకుతూ ఉండాలి. జాషువ గారు ఆ పని చేశారు. ఇరవై ఏళ్ళ యువకుడు, చీకట్లో నిలబడి, ముందు బెంచీలవారికీ వెనుక కుర్చీలవారికీ వినబడేలా రోజూ మాటలు పలికాడు. ఏ మాటకు జనం నవ్వుతారో, ఏ మాటకు ఊపిరి బిగబడతారో ఆ చీకట్లో చెవితో నేర్చుకునే వీలు అంతకంటే ఏ పాఠశాలలో దొరుకుతుంది?

తరువాత ఆయన గుంటూరులో లూథరను సంఘంవారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు 10 ఏళ్ళు పనిచేశారు. పద్యాలు రాస్తూ పోయారు. కులం పేరుతో సభల్లో అవమానాలు పడ్డారు. పురాణాలు చదువుతున్నాడని ఇటువారు, అంటరానివాడని అటువారు ఆయనను దూరం పెట్టారు. వారికి ఆయన ఇచ్చిన జవాబు పద్యమే. 1941లో 'గబ్బిలం' వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి గుడిలో తలక్రిందులుగా వ్రేలాడే గబ్బిలంతో తన మొర దేవునికి చెప్పి పంపడం ఆ కావ్యంలోని కథ. 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వెంకన్న గారికి వచ్చినది అదే పురస్కారం. జాషువ గారు కూడా శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్ ఇచ్చారు. 1971లో ఆయన ప్రభువునందు నిద్రించారు.

ఇందులో మరొక ముడి ఉంది. మన పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం చూడని పెద్దలుండరు. కాటి సీనులో హరిశ్చంద్రుడు శ్మశానాన్ని చూస్తూ గొంతెత్తి పద్యాలు అందుకుంటాడు. జనం ఈలలు వేసి "వన్స్ మోర్" అంటారు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంత కవి గారిది. కాని అక్కడ పాడే పద్యాల్లో కొన్ని జాషువ గారి శ్మశానవాటి ఖండికలోనివి. నటులు వాటిని నాటకంలో కలుపుకున్నారు. తెల్లవార్లూ మంచులో కూర్చుని ఆ పద్యాలకు కన్నీరు పెట్టినవారిలో ఎందరికి అవి ఒక క్రైస్తవ పంతులు గారు రాసినవని తెలుసు? ఆయనను పక్కన కూర్చోనివ్వని ఊళ్ళు కూడా ఆయన పద్యాన్ని మాత్రం వన్స్ మోర్ అడిగి పాడించుకున్నాయి.

పాటలో ఉండే గొప్పతనం, పాటలో ఉండే నష్టం రెండూ ఇక్కడే కనబడతాయి. పాట గోడలు దాటి ఎక్కడికైనా వెళుతుంది. కాని వెళ్ళేటప్పుడు తన తండ్రి పేరు దారిలో జారవిడిచి వెళుతుంది. జాషువ గారు పుస్తకం వేసి ఉంచారు గనుక ఆ పద్యాలు ఎవరివో నేడు మనం చూపించగలుగుతున్నాము. పుస్తకం లేకపోతే అవి కూడా "ఎవరో రాశారట" అన్న లెక్కలో పడిపోయేవి.

లోకంలో జరిగినది

మన దేశంలో రవీంద్రనాథ టాగూరు గారు రెండు వేలకు పైగా పాటలు కట్టినవారు. బెంగాలులో పడవవారు కూడా వాటిని పాడుకుంటారు. వాటిలో కొన్నింటినీ, తన ఇతర కవితలనూ కలిపి ఆయనే ఇంగ్లీషు వచనంలోకి మార్చి 1912లో 'గీతాంజలి' అని వేశారు. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి బెంగాలీ రాగం పోయింది, తాళం పోయింది, ప్రాస కూడా పోయింది. ఆ మిగిలినదాన్ని చదివే 1913లో నోబెల్ బహుమానం ఇచ్చారు. రాగం తీసేసిన పరీక్షకు ఇంతకంటే పెద్ద నిదర్శనం వెతకనక్కరలేదు.

నూరేళ్ళ తరువాత 2016లో అమెరికా పాటల రచయిత, గాయకుడు బాబ్ డిలన్ గారికి సాహిత్యంలో నోబెల్ ఇచ్చినప్పుడు లోకమంతా వాదన లేచింది. గిటారు వాయించేవానికి సాహిత్య బహుమానమా అన్నారు కొందరు. ఆ తరువాత ఇచ్చిన ఉపన్యాసంలో ఆయనే, పాటలు వేరు, పుస్తకంలో చదివే సాహిత్యం వేరు, పాట పాడడానికే పుట్టింది అన్న భావం చెప్పారు. కొందరి పాట పుస్తకంలోకి రావడానికి ఇష్టపడుతుంది, కొందరి పాట గొంతులోనే ఉంటానంటుంది. రెండూ దేవుడిచ్చిన వరాలే.

దావీదు పాటల రాగాలు ఏవి?

ఇంతదూరం వచ్చాము గనుక మన చేతిలోని గ్రంథమే ఒకసారి తెరిచి చూద్దాము.

కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. అవన్నీ పాటలు. 55 కీర్తనల తలపైన ప్రధానగాయకుని ప్రస్తావన ఉంది. కొన్నింటికి ఏ రాగం మీద పాడాలో కూడా రాసి ఉంది. 22వ కీర్తన తలకట్టు చూడండి. అక్కడ చెప్పిన రాగం పేరుకు ఉదయపు లేడి అని అర్థం. ఎంత అందమైన పేరు! ఆ రాగం ఎలా ఉండేదో నేడు భూమిమీద ఎవరికీ తెలియదు. తీగల వాయిద్యాలు పోయాయి, యెరూషలేము మందిరం పోయింది, పాడిన లేవీయుల గొంతులు పోయాయి. 'సెలా' అన్న మాట అక్కడక్కడ కనబడుతుంది, దానికి సరియైన అర్థం పండితులకు కూడా తేలలేదు.

రాగం పోయింది. మాట మిగిలింది. శ్రమలో ఉన్నవాడు నేటికీ 22వ కీర్తనలో తన ఏడుపు తాను వింటున్నాడు. సిలువ మీద మన ప్రభువు పలికినది కూడా ఆ కీర్తన మొదటి మాటలే.

ఆ పాటలు పరాయి భాషల్లోకి వెళ్ళినా ఎందుకు చెక్కుచెదరలేదు? హెబ్రీ కవులు ఒక తలంపును ఒక పంక్తిలో చెప్పి, మరుసటి పంక్తిలో అదే తలంపును మరొక మాటతో త్రిప్పి చెబుతారు, లేదా దానికి ఎదురు తలంపు నిలబెడతారు. చివరి అక్షరాల ప్రాస మీద కాకుండా తలంపుల జోడీ మీద కట్టిన ఇల్లు అది. అక్షరాల ప్రాస అనువాదంలో రాలిపోతుంది. తలంపుల ప్రాస రాలిపోదు. అందుకే తెలుగు చదివే మనకు కూడా అది కవిత్వంగానే వినబడుతోంది. 119వ కీర్తన మరొక వింత. హెబ్రీ అక్షరాలు 22. ఒక్కొక్క అక్షరానికి 8 వచనాల చొప్పున మొత్తం 176 వచనాలు, వరుసగా ఆ అక్షరంతోనే మొదలవుతాయి. పాట పాడేవారు పుస్తకం కట్టే పనితనం కూడా నేర్చినవారని దీనివలన తెలుస్తోంది.

మన ఇంట ఏమి చేద్దాము?

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. కీర్తన పైన రాగం, తాళం ఉంటాయి. క్రింద రాసినవారి పేరు ఉంటుంది. పై సంగతి హార్మోనియం వాయించేవారు చూస్తారు. క్రింద పేరు ఎవరు చూస్తారు? పురుషోత్తమ చౌదరి గారు 1803 నుండి 1890 వరకు జీవించినవారు. తెలుగువారి రాగాల్లో, తెలుగువారి నుడికారంలో క్రీస్తును పాడుకోవచ్చునని మనకు నేర్పినవారిలో ఆయన ముందువరుసవారు. ఆయన కీర్తన కంఠస్తంగా వచ్చినవారు వేలకొలది ఉన్నారు. ఆయన పేరు తెలిసినవారు ఎందరో మీ సంఘంలోనే అడిగి చూడండి.

అందుకని మేము మూడు మాటలు చెప్పదలచుకున్నాము.

మొదటిది ఇంటిపెద్దలకు. వారంలో ఒక సాయంకాలం కుటుంబ ప్రార్థనలో ఒక కీర్తనను పాడవద్దు, చదవండి. ఒక చరణం తండ్రి, ఒక చరణం తల్లి, ఒక చరణం పిల్లలు. రాగం లేకుండా నిదానంగా చదివితే ఎన్నో ఏళ్ళుగా పాడుతున్న పాటలో మనకు తెలియని అర్థం బయటపడుతుంది. చివర రాసినవారి పేరు కూడా పైకి చదవండి. పిల్లలకు అది మంచి అలవాటు.

రెండవది పాటలు రాసే యౌవనస్థులకు. సినిమా బాణీ మీద మాటలు కూర్చడం సులువు. కీబోర్డు ఉంటే ఏ మాటైనా బాగున్నట్టే వినబడుతుంది. కాని పాట పూర్తయ్యాక ఒక రాత్రి దాన్ని అలా ఉంచి, తెల్లవారి రాగం లేకుండా మీ అమ్మగారికి చదివి వినిపించండి. ఎక్కడ ఆమె ముఖం వెలిగిందో అది గింజ. ఎక్కడ మీకే చదవడానికి సిగ్గనిపించిందో అది పొట్టు. వెంకన్న గారిని, జాషువ గారిని, నండూరి వారిని చదవండి. పాటగాడు చదువరి కూడా అయితే అతని మాటకు వేరు దిగుతుంది. కవిత రాయాలనిపిస్తే రాయండి, సిగ్గెందుకు? కాని కవి అయ్యాక, అర్థం కాని మాటలు రాయడమే గొప్ప అనుకుని, మిమ్మల్ని పెంచిన చదువురాని చెవులను మరచిపోవద్దు.

మూడవది అందరికీ, ఇది త్వరపడవలసినది. మన డెల్టా కాలువల్లో పడవలు నడిచిన రోజుల్లో గెడ వేసేవారికి పాటలుండేవి. ఊడ్పుల్లో ఆడవారికి పాటలుండేవి, ఒకామె ఎత్తుకుంటే ముప్పైమంది అందుకునేవారు. విసుర్రాయి దగ్గర, ఉయ్యాల దగ్గర పాటలుండేవి. రోడ్లు వచ్చాక పడవలు తగ్గాయి. నాటే యంత్రాలు, వెదజల్లు సాగు వచ్చాక ఊడ్పు పాట తగ్గింది. పని సుఖపడినందుకు దేవునికి స్తోత్రం. కాని ఆ పాటలు కట్టినవారు ఎవరు? వారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. పాడినవారు వెళ్ళిపోతే పాటలు కూడా వారితోనే మట్టిలోకి వెళ్ళిపోతాయి. వెంకన్న గారు యక్షగానాలు, తత్వాలు, పని పాటలు వినబడే పల్లెలో పెరిగి ఆ ధనాన్ని పుస్తకం దాకా మోసుకెళ్ళారు గనుక అది నిలిచింది. మన ఇళ్ళలో అటువంటి ధనం ఇంకా మంచం మీద కూర్చుని ఉంది.

కాబట్టి ఈ సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లలు ఒక పని చేయాలి. ఒక నోటుపుస్తకం కొని నాయనమ్మ దగ్గర, అమ్మమ్మ దగ్గర కూర్చోండి. ఆమె ఎరిగిన పాటలు ఒక్కొక్కటే అడిగి, ఆమె పలికిన మాటనే, దిద్దకుండా రాయండి. ఫోనులో గొంతు పట్టుకుంటే ఇంకా మంచిది, రాగం కూడా దక్కుతుంది. ఎవరి దగ్గర నేర్చుకుందో అడిగి ఆ పేరు రాయండి. ఆమె స్వయంగా కట్టినదైతే ఆమె పేరే రాయండి. "నాకేం వచ్చమ్మా, నేనేం చదువుకున్నానా" అని ఆమె అంటుంది. అయినా రాయండి. ఆ పేజీ చివర తన పేరు చదివి వినిపించినప్పుడు ఆమె ఏమంటుందో మాకు తెలియజేయండి.